కొబ్బరికాయ కొనని భాగ్యలక్ష్మి

కాశీబుగ్గలో మా లైనులో పద్నాలుగు గదులు. పద్నాలుగిళ్లకీ గేసు బండలు ఒకే రోజు వచ్చాయనుకోండి, మిగతా పదమూడు ఇళ్లలో రెండేసి బండలు అయిపోయాక గాని భాగ్యలక్ష్మి బండ అవదు. దాని అడుగు తుప్పు పట్టింది గాని లోపల గేసు తరగలేదంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మానండి, నాకేం పోయింది. పొద్దున్నే కందిపప్పు ఒక్క పొంగు రానిచ్చి దించేస్తుంది. గిన్నెకి మూత బిగించి, పాత దుప్పట్లో చుట్టి మూలన పెట్టేస్తుంది. సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆ పప్పు దానంతటదే ఉడికి వెన్నలా అయిపోయి ఉంటుంది. మా ఆయన ఓసారి ఆ దుప్పటి మూట చూసి, వాళ్లింట్లో పసిబిడ్డ ఎప్పుడు పుట్టిందని నన్నడిగాడు.

భాగ్యలక్ష్మిది మా పక్క గది. నలభై రెండేళ్ల మనిషి, ఎండుమిరపకాయంత సన్నం. ఆవిడా, మొగుడు వైకుంఠరావూ ఇద్దరూ జీడిపప్పు ఫ్యాక్టరీలోనే పని. ఆయన జీడిపిక్కలు ఉడకబెట్టే చోట, ఆవిడ పప్పు మీద పొట్టు తీసే చోట. ఒక్కతే కూతురు, లావణ్య. ఆ ముగ్గురూ ఒక టూత్‌పేస్టు గొట్టాన్ని రెండు పండగలు దాటించారు. నొక్కితే రాని రోజున కత్తెరతో నిలువునా చీల్చి వేళ్లతో గీకారు. ఆ మిగిలిన రేకుతో భాగ్యలక్ష్మి గిన్నె అడుగున మాడు గోకింది.

ఒకసారి మాత్రం పొదుపు తిరగబడింది. గేసు మిగులుతుంది కదాని ఫ్యాక్టరీ నుంచి గోనెడు జీడి తొక్క తెచ్చి పెరట్లో పొయ్యి కింద పెట్టింది. జీడి తొక్కలో ఉన్న నూనెకి చెయ్యి తగిలితేనే బొబ్బలెక్కుతుంది, ఇంక పొగ సంగతి చెప్పాలా? ఆ పొగలో ఇరుక్కున్న కాకి ఎటు ఎగరాలో తెలీక మా గోడ మీదే కూర్చుండిపోయింది. పద్నాలుగిళ్ల వాళ్లమూ వీధిలో నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే, దారిన పోయేవాళ్లు ఎవరు పోయారని అడిగారు. ఒకాయనైతే చెప్పులు కూడా విప్పాడు.

"పదేళ్లు కాలేదు గాని, ఆరేడేళ్ల నుంచి జీడి పనే సేత్తన్నావు గదే. తెలిసీ తెలిసీ ఆ తొక్క పొయ్యిలో ఎలగెట్టేవు?" అని తిట్టాను.

"ఊరికే వచ్చింది వదినా. ఊరికే వచ్చినదాన్ని పారబొయ్యడానికి నాకు సెయ్యి రాదు" అంది, కళ్లు ఎర్రగా చేసుకుని.

ఇన్ని చేసే మనిషి నీళ్ల దగ్గర మాత్రం పైసా తగ్గించదు. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా రోజూ రావాల్సిందే. వాళ్లది వజ్రపుకొత్తూరు వైపు. అక్కడి బావి నీళ్లే కిడ్నీల్ని తినేస్తాయంటారు, ఆ వైపు వాళ్లకి నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. భాగ్యలక్ష్మి అత్త కిడ్నీల జబ్బుతోనే పోయింది, మూడేళ్లు సూదులతో చేతులు తూట్లు పడి. భాగ్యలక్ష్మితో బేరం లేకుండా డబ్బులు తీసుకున్నవాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉంటే ఆ నీళ్ల డబ్బా వాడొక్కడే.

ఇవన్నీ ఒక ఎత్తు. కొబ్బరికాయ సంగతి ఒక ఎత్తు.

ఆవిడ కొబ్బరికాయ కొనదు. ముప్పై రూపాయలున్నప్పుడూ కొనలేదు, పది తగ్గించి ఇస్తానన్నా కొనలేదు. ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోదు. జీడి తొక్కనే వదలని మనిషి, కొబ్బరికాయ చేతిలో పెడితే వెనక్కిచ్చేస్తుంది! కాయే కాదు, కొబ్బరి అన్న పేరుంటే చాలు, ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. తలకి కొబ్బరినూనె లేదు, ఆముదమే. పాపం లావణ్య ఇంటర్ చదివిన రెండేళ్లూ దాని బెంచీ మీద ఇంకో పిల్ల కూర్చోలేదు. కొబ్బరి ఈనెల చీపురు కొనదు, రైలు పట్టాల పక్కన ఈత రొట్ట కోసుకొచ్చి కట్టుకుంటుంది. వినాయక చవితికి కూడా దేవుడి ముందు అరటిపండూ, నాలుగు జీడిపప్పు బద్దలూ పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆరేళ్లుగా ఆ వినాయకుడు కొబ్బరి ముక్క మొహం చూడలేదు.

వైకుంఠరావుకి కొబ్బరి చట్నీ అంటే ప్రాణం. ఓ ఆదివారం పొద్దున్న ఆయన బయటికెళ్లి వచ్చాడు. నేను వాళ్ల గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. భాగ్యలక్ష్మి బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎక్కడ తిన్నావు బావా?"

"నానెక్కడ తిన్నాను? టీ తాగేను, అంతే."

"టీలో కొబ్బరేసి ఇత్తన్నాడేటి ఆడు?"

"ఓలమ్మో, నీది ముక్కా, పోలీసు కుక్క ముక్కా? రెండంటే రెండిడ్లీ తిన్నాను. సెట్నీ ఆడే ఏసీసేడు. నానొద్దన్నాను."

"వద్దన్న మనిషి మీసం మీద తెల్లగా ఏటది?"

లావణ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఈ రోజు చెంబులు ఎగురుతాయని నేను సర్దుకుని కూర్చున్నాను. ఎగరలేదు. భాగ్యలక్ష్మి లేచి ఆయన దగ్గరికెళ్లి, మీసం మీదున్న ఆ కాస్త చట్నీ వేలితో తీసి వాసన చూసింది. నాలిక్కి రాసుకోలేదు.

"లేతకాయ. మన సెట్టుది కాదు" అని, కొంగుకి తుడిచేసుకుని మళ్లీ బియ్యం దగ్గర కూర్చుంది. కానీ చాటలో చెయ్యి కదల్లేదు.

వాళ్ల ఊళ్లో ఇంటి చుట్టూ ముప్పై రెండు కొబ్బరి చెట్లుండేవి. వెనక చిన్న జీడితోట. మంచం మీద పడుకుంటే సముద్రం హోరు చెవిలోనే ఉన్నట్టుండేదట. భాగ్యలక్ష్మి పెళ్లై ఆ ఇంట్లో అడుగు పెట్టాక, వీధిలోంచి కొని తెచ్చినవి ఉప్పు, కిరసనాయిలు, బట్టలు. అంతే. పొయ్యిలోకి మట్టలు, నిప్పు రాజెయ్యడానికి పీచు, ఊడవడానికి చీపురు, మంచానికి తాడు, పాక మీదికి ఆకు, తలకి నూనె, కూరలోకి పాలు, అన్నీ పెరట్లోనే. చేపలమ్మి గంప దించితే డబ్బులెవరిచ్చారు? నాలుగు కాయలు గంపలో వేసేవారు.

"పర్సనేది ఒకటుంటాదని నాకు కాశీబుగ్గ వచ్చేకే తెలిసింది వదినా" అంటుంది. ఇది నేను కలిపింది కాదు, ఆవిడ మాటే.

తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు ఆ ముప్పై రెండూ దువ్వెన పెట్టి దువ్వినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి. జీడితోటా పోయింది, ఇంటి కప్పూ పోయింది. ఊరంతా పడిన చెట్లను చూసి ఏడుస్తుంటే, భాగ్యలక్ష్మి వంటపొయ్యి పక్కన పడిన చెట్టు తలకాయ దగ్గర కూర్చుని ముదురు కాయలు ఏరిందట. ముప్పై రెండింటిలోనూ ఆ చెట్టు కాయ వేరు. కొబ్బరి వేలు మందం ఉండేదట, ఒక్క చిప్ప రుబ్బితే ఇంటిల్లిపాదికీ సరిపోయేదట. పదకొండు కాయలు ఏరి ఇసకలో పాతింది. తొమ్మిది మొలిచాయి. నాలుగింటిని కొమ్ము పురుగు తినేసింది. ఐదు నిలిచాయి.

ఇక్కడే ఆవిడ ఒక తెలివైన పని చేసింది. తెలివనాలో ఏమనాలో మీరే చెప్పండి. తుపాను తర్వాత పొట్టి రకం కొబ్బరి మొక్కలు ఊరికే పంచారు. నాలుగేళ్లకే కాపుకొస్తాయన్నారు. భాగ్యలక్ష్మికి పన్నెండు వచ్చాయి. ఊరికే వచ్చినవి కాబట్టి తీసుకుంది. తీసుకుని, పక్కింటి సోములుకి ఇచ్చేసింది. అందుకు బదులు సోములు ఆవిడ ఐదు మొక్కలకీ నీళ్లు పోయాలి, పశువులు తొక్కకుండా చూడాలి. రూపాయి ఖర్చు లేకుండా ఏళ్ల తరబడి కాపలా మనిషి దొరికాడని పొంగిపోయింది. పొట్టి మొక్కల్ని మాత్రం మన పెరట్లో పెట్టనంది. పొయ్యి పక్క చెట్టు పిల్లలే పెరగాలంది.

నాలుగేళ్లకి సోములు చెట్లు గెలలేశాయి. భాగ్యలక్ష్మి చెట్లు ఇంకా ఉత్త ఆకులు ఊపుకుంటూ నిలబడ్డాయి. ఆవిడ ఊరెళ్లినప్పుడల్లా సోములు ఎదురుగా నిలబడి బొండాం తాగేవాడు. అక్కని అప్పా అనడం వాళ్ల వైపు అలవాటు.

"అప్పా, ఓటి కొట్టీమంటావేటి? ఇవి నీ మొక్కలే గదా."

"ఇచ్చీసినాక నీయే. నాయి అవిగో."

"అవెప్పుడు కాత్తాయే? నా మనవడి పెళ్లికా?"

"కాత్తాయిరా. పొయ్యికాడ సెట్టు పిల్లలు. ఆటికి కంగారు లేదు."

కంగారు ఆవిడకే ఉంది. ఊరు వదిలి వచ్చిన రోజునే మొగుడితో ఒప్పందం చేసుకుంది. మన చెట్టు కాయ ఇచ్చేదాకా ఇంట్లోకి వేరే కాయ రాకూడదు. కాయ ఇచ్చిన నెలలో కాశీబుగ్గ గది ఖాళీ చేసి ముగ్గురూ ఊరెళ్లిపోవాలి. దుప్పట్లో పప్పు ఉడికింది దానికోసమే, ఆముదం రాసింది దానికోసమే. ఇక్కడ బండ ఆలస్యంగా అయిన ప్రతిసారీ అక్కడ ఇంటి మీద ఒక రేకు లేచింది. నాలుగేళ్లలో కప్పు పూర్తయింది, ఐదో ఏడు తలుపులు వచ్చాయి. ఊళ్లోకి పైపు నీళ్లు కూడా వచ్చాయి. ఇంక రావాల్సింది కాయొక్కటే.

పోయినేడు ఓ ఆదివారం సోములు ఫోను చేశాడు. లైనంతా వినేలా అరిచాడు.

"అప్పా! ఏసింది! గెలేసింది!"

"ఏ సెట్టు? ఎన్ని పిందెలు?"

"పిందెలు లెక్కెట్టడానికి నాను సిలకనేటే!"

"ఫోను కట్టీకు. నిచ్చెనెక్కు. లెక్కెట్టి సెప్పు."

ఇరవై రెండన్నాడు. పై ఆదివారానికి పద్నాలుగయ్యాయి. ఆ పైన తొమ్మిది. పిందె రాలిన రోజున భాగ్యలక్ష్మి అన్నం సగమే తినేది. దానివల్ల కూడా బియ్యం మిగిలాయనుకోండి. చివరికి ఐదు కాయలు నిలిచాయి. ఆ ఐదు కాయల మీద మా లైనులో జరిగినంత చర్చ ఎలక్షన్ల మీద కూడా జరగలేదు. భాగ్యలక్ష్మి గిన్నెలు గోనెల్లో కట్టడం మొదలెట్టింది. ఫ్యాక్టరీలో పొట్టు తీస్తూ ఊరికే నవ్వుకునేది. అడిగితే, "సీపురు కట్టాల వదినా, పచ్చీనెలతో" అనేది. చీపురు కట్టడానికి అంతలా నవ్వుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు.

కాయలు ముదిరి తొడిమలు ఎండుతున్న వారంలోనే లావణ్యకి టెక్కలిలో నర్సింగు సీటొచ్చింది.

కాగితం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, వచ్చింది" అంది.

"ఎన్నేళ్లు?"

"మూడు."

భాగ్యలక్ష్మి ఆ కాగితం తీసుకుని తిరగేసి చూసింది. తర్వాత, "బస్సు పాసు ఇత్తారా?" అని అడిగింది.

"ఇత్తారు. నానమ్మకి సూదెట్టినప్పుడు ఆ నర్సమ్మ ఎలగ మాటాడేదో నీకు గురుతుందా? నానూ అలగే అవుతానమ్మా."

"అవుదువు గాని. ఊరినుంచి రోజూ టెక్కలి ఎల్లగలవా?"

లావణ్య తండ్రి వైపు చూసింది. వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు. "రెండాటోలు మారాల, తరవాత బస్సెక్కాల. నాలుగింటికి లేత్తే గాని అందదు. రేత్రి ఎప్పుడొత్తాదో. గుంట సదువుతాదా, తిరుగుతాదా?"

గోడ పక్కన గోనెలో కట్టిన గిన్నెలు అలాగే ఉన్నాయి.

ఆ ఆదివారం కాయలు దింపడానికి ముగ్గురూ ఊరికి బయల్దేరారు. ఆటోలో నాలుగో మనిషి ఉంటే తలకి పది రూపాయలు తగ్గుతుందని భాగ్యలక్ష్మి నన్నూ రమ్మంది. నన్ను పిలిచింది స్నేహానికని అనుకునేంత అమాయకురాలిని కాను. కానీ వెళ్లాను. వెళ్లబట్టే మీకు ఇదంతా చెప్పగలుగుతున్నాను.

ఆ ఇంటిని నేను చూడటం అదే మొదలు. రేకుల ఇల్లు, రెండు గదులు, ముందు చిన్న అరుగు. భాగ్యలక్ష్మి దిగీ దిగగానే పరుగులాంటి నడకతో లోపలికెళ్లి కిటికీలన్నీ తీసింది. ఊడ్చింది, నీళ్లు చల్లింది, ఎవరూ అడగకుండానే పొయ్యి అలికింది. ఎండలో ఇసక కాళ్లకి చురచురమంటుంటే చెప్పుల్లేకుండా ఐదు చెట్ల చుట్టూ తిరిగింది. చెట్టు చెట్టుకీ ఆగి మొదలు తట్టింది. పడిపోయిన పాత చెట్ల గోతులు ఇంకా తెలుస్తున్నాయి. వాటిని కూడా దాటలేదు, పక్కనుంచి తిరిగి వెళ్లింది. అక్కడింకా చెట్లు ఉన్నట్టే నడిచింది.

సోములు నిచ్చెనేసి ఐదు కాయలూ దింపాడు. మొదటిది ఊరమ్మవారి దగ్గర కొట్టించి వచ్చింది. రెండోది అరుగు మీద కొట్టింది. ముక్కలు చేసి బెల్లం పెట్టి అందరికీ ఇచ్చింది. వైకుంఠరావు కళ్లు మూసుకుని నమిలాడు. నిజం చెప్పాలంటే కొబ్బరి మామూలుగానే ఉంది. మందం కూడా వేలంత లేదు. నేను పైకనలేదు, చంపేస్తుంది. భాగ్యలక్ష్మి మాత్రం ఒక్క ముక్క బుగ్గన పెట్టుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుని, కొంచెం కొంచెంగా నమిలింది.

అప్పుడు వైకుంఠరావు అన్నాడు. "భాగ్యం, మాటంటే మాటే. కాయొచ్చింది. నువ్విక్కడుండిపో. నానూ గుంటా అక్కడుంటాం. ఆదివారం ఆదివారం వత్తాం."

ఆవిడ తిరిగి చూడలేదు. "రెండు పొయ్యిలు" అంది.

"రెండైతే రెండు."

"రెండు కరెంటు బిల్లులు, రెండు గేసు బండలు. నాను పొట్టు తీయకపోతే నా కూలెవుడిత్తాడు? నీ ఒక్క రెక్క మీద గుంట ఫీజెలగ కడతావు బావా?"

"కడతాను. ఎలాగోలా కడతాను."

"ఎలాగోలా అనే దుకాణం ఎక్కడుందో సెప్పు, నానూ వత్తాను" అంది.

లావణ్య లేచి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, నానొండుతాను. నానకి బాక్సు కట్టీసి కాలేజీకెల్తాను. నువ్వుండిపో. నీకు ఇక్కడే బాగుంటాది, నాకు తెలీదేటి?"

భాగ్యలక్ష్మి కూతురి జడ ముందుకు లాగి, చివర ఊడిన రిబ్బను కట్టింది. కట్టడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వొండితే గేసు బండ పది రోజులు రాదు" అంది.

సోములు పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. వైకుంఠరావు నవ్వలేదు. లావణ్య తల వంచుకుని తల్లి భుజానికి ఆనించింది. నేను ఏ మాటనైనా నాలుగింతలు చేసి చెప్తానని మా లైనులో నాకు పేరుంది. ఇక్కడ మాత్రం తగ్గించే చెప్తున్నాను. భాగ్యలక్ష్మి మొహం అప్పుడు ఎలా ఉందో నేను చెప్పను.

మిగిలిన మూడు కాయలు ఎవరికీ ఇవ్వలేదు. గునపం అడిగి తీసుకుని, పాత గోతుల్లో మూడింటిని ఎంచుకుని, ఇసక తవ్వి కాయల్ని అడ్డంగా పడుకోబెట్టి కప్పింది.

"ఒక్కటుంచే. సెట్నీకి" అన్నాడు వైకుంఠరావు, మెల్లగా.

"పై గెల రానీ. నీకే. మొత్తం నీకే" అంది.

సాయంత్రం ఆటో అప్పలరాజు వచ్చి హారన్ కొట్టాడు. కిటికీలు ఒక్కొక్కటే మూసింది. తాళం వేసి లాగింది. నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్లి మళ్లీ లాగింది. అప్పలరాజు ఇంకో హారన్ కొడితే, "ఊదకురా, ఊది ఊది నీ బేటరీ అయిపోతాది" అని తిట్టింది. ఆటోలో మేం ముగ్గురం లోపల కూర్చున్నాం. ఆవిడ మాత్రం వెనక వైపు తిరిగుండే సీటు మీద, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. లోపల చోటుంది రమ్మంటే వినలేదు. మలుపు తిరిగేదాకా రేకుల ఇల్లు కనిపించింది. మలుపు తిరిగాక కనిపించలేదు. అయినా కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాస వచ్చేదాకా అటే చూసింది.

మర్నాడు పొద్దున్నే ఇంటి ఓనరు లైనులోకి వచ్చాడు. గది చూడటానికి కొత్త మనుషుల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"ఏటి భాగ్యలక్ష్మీ, ఈ నెలాఖరికి ఖాళీ సేత్తానన్నావు గదా?"

"లేదు మావా. ఇంకా మూడేళ్లుంటాం."

"అయితే అద్దె పెంచాల. అంతా పెంచుతున్నారు."

"మూడేళ్లూ ఇదే అద్దె మావా. ఒక్క రూపాయి ఎక్కువైనా నానియ్యను. మూడేళ్లవనీ, ఆ తరవాత నువ్వు నా కాళ్లట్టుకున్నా ఒక్క రోజుండను" అంది భాగ్యలక్ష్మి, గోనె ముడి విప్పి గిన్నెలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ.